ఆరువేల ఒకటో కుండ

సమ్మతిపురంలో ఉగ్గు తాగే పసికందు మొదలు ఊతకర్ర పట్టిన ముదుసలి వరకూ అందరూ నమ్మే మాట ఒకటి ఉంది: నగరం నడిబొడ్డున ఉన్న జంట బావులు ఒకే రోజున, ఒకే తాటితో కొలిచి తవ్వినవి, రెండింటి లోతూ పదహారు నిలువులు, ఆరువేల ఒక్క కుండ నీళ్ళు పోస్తే గాని ఏ బావీ నిండదు. ఈ మాటను ఎవరూ పరీక్షించలేదు. పరీక్షించవలసిన అవసరం ఉందని కూడా ఎవరికీ తోచలేదు. బావిలోకి తాడు గాని, గెడ గాని దించినవాడి చేయి నరకాలని శాసనం ఉండటం అందుకు కొంత కారణం కావచ్చు.

ఆ నగరానికి రాజు లేడు. మూడు వైపులా సముద్రం, నాలుగో వైపు పగడపు రంగు కోటగోడ. గోడమీద వరుసగా నిలిచిన ఇత్తడి నెమళ్ళు ఉదయపు గాలికి పురి విప్పి, సాయంకాలపు గాలికి ముడుచుకునేవి. వీధుల్లో అగరు, కస్తూరి, ఎండుచేపల వాసనలు ఒకదాన్నొకటి తోసుకుంటూ తిరిగేవి. ఇతర రాజ్యాల్లో రాజప్రాసాదం ఉండే చోట ఇక్కడ కిటికీలు లేని నల్లరాతి మండపం ఒకటి ఉండేది. అందులో కుడి పక్క ఔను బావి, ఎడమ పక్క కాదు బావి.

నగరానికి ఏదైనా ప్రశ్న ఎదురైతే పన్నెండు వేలమంది పెద్దలూ తలా ఒక కొత్త కుండతో నీళ్ళు తెచ్చి, ఒక్కొక్కరుగా ఆ మండపంలోకి వెళ్ళి, తమకు నచ్చిన బావిలో పోసేవారు. ఎవరు ఎటు పోశారో మరొకరికి తెలియకూడదని లోపల దీపం పెట్టేవారు కారు. నీళ్ళ చప్పుడు బట్టి ఎవరూ పసిగట్టకూడదని ఎడతెరిపి లేకుండా నగారాలు మోగించేవారు. బావుల మీద తామరపువ్వులా చెక్కిన రాతిమూతలు, వాటి నడుమ కుండమూతి పట్టేటంత రంధ్రాలు. ఏ బావి ముందు నిండితే ఆ బావిలోని కొయ్యహంస తేలివచ్చి, మండపం కప్పుమీద తన పతాకాన్ని లేపేది. ఔనుకు ఎర్రది, కాదుకు తెల్లది. పతాకం లేచిన క్షణంలో పోత ఆగిపోవాలి. ఆపైన నగరమంతా ఆ మాటకు తల వంచాలి.

ఈ వింత చూడటానికే రత్నశైల రాజకుమారుడు అరిందముడు ఏడు అడవులు, రెండు ఎడారులు దాటి వచ్చాడు. పీడకల వచ్చిందన్న ఒకే కారణానికి ఒక తోటమాలి తల తీయించిన తండ్రికి అతడు కొడుకు. ఒక మనిషి కలవరింతకు మరొక మనిషి తల తెగని రాజ్యం భూమిమీద ఎక్కడో ఉండాలని, ఆ రహస్యం తెలుసుకుని తన ప్రజలకు తీసుకువెళ్ళాలని అతని పంతం. కిరీటం ఒక మర్రితొర్రలో దాచి, మొలకు ముతకగుడ్డ చుట్టి, అంకన్న అనే పేరుతో మట్టికొండ పేటలో కుండలు చేసే గౌరసాని దగ్గర మట్టి తొక్కే కూలీగా కుదిరి ఎనిమిది నెలలైంది.

పోత మొదలైన నాలుగో రోజు మధ్యాహ్నం అతడు పడమటి వాకిలి వరుసలో, గౌరసాని తరఫు బంధువులకు కుండలు అందిస్తూ నిలబడి ఉన్నాడు. నగరం ముందున్న ప్రశ్న మామూలుది కాదు. ధూమ్రకేశుడనే మాంత్రికుడు అగ్నిరెక్కల గండభేరుండాన్ని నగరం మీదికి తోలుతున్నాడు. అప్పటికి పదకొండు ఓడలు, ఒక ధాన్యపు కొఠారు బూడిదయ్యాయి. మట్టికొండ పేటలోని మూడువందల మందినీ తన హోమానికి అప్పగిస్తే ఆ పక్షిని నూరేళ్ళు బంధిస్తానని వాడు కబురు పంపాడు. ఇద్దామా, వద్దా?

అరిందముడికి జవాబు మీద రవంత అనుమానం కూడా లేదు. ఇటువంటి నగరం అటువంటి మాట అంటుందా?

అంతలో నగారాలు ఆగిపోయాయి.

మండపం కప్పుమీద ఎర్ర పతాకం లేచింది.

అరిందముడి చేతిలోని కుండ జారి పగిలింది. చుట్టూ ఉన్న వందలమందిలో ఒక్కరూ జయధ్వానం చేయలేదు. సముద్రపు హోరు మాత్రం వినిపిస్తోంది.

"ఎవరు పోశారమ్మా ఇది?" అంది అతని ముందున్న తమలపాకుల వర్తకురాలు, గుండెమీద చేయి వేసుకుని. "మా వీధిలో ఒక్కరూ ఔను అనలేదే!"

"మన వీధి మాట సరే అక్కా," అన్నాడు పక్కనున్న కంసాలి. "తూర్పు వాకిలి సంగతి నీకేం తెలుసు? వాళ్ళంతా పడవలవాళ్ళు. ఆ పాడుపక్షి కాల్చింది వాళ్ళ ఓడల్నేగా. వాళ్ళే గుమ్మరించి ఉంటారు."

"అంతే, అంతే. ఆ ఉప్పునీటి మనుషులకు జాలెక్కడిది!"

అరిందముడు మండపం చుట్టూ పరుగెత్తి తూర్పు వాకిలికి చేరాడు. అక్కడా అదే నిశ్శబ్దం. ఉప్పుమడుల్లో పనిచేసే బక్కపలచటి మనిషి ఒకడు నిండుకుండను చంకన పెట్టుకుని దిక్కులు చూస్తున్నాడు.

"ఇంత పని చేశారేం అన్నా మీరు?" అని అడిగాడు అరిందముడు.

"మేమా? నీ నోట మన్ను పడ! నా వంతే రాలేదు. ఇదంతా పడమటి మేడలవాళ్ళ పని. మేడలు కాలిపోతాయని వాళ్ళకు భయం. మాకేముంది కాలటానికి, ఉప్పా?"

"నీ ముందు వెళ్ళినవాళ్ళు ఏ బావిలో పోశారు?"

"ఆ మాట అడగకూడదు తమ్ముడూ, శాసనం." అంటూనే వాడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మా ఆవిడ కాదులో పోసింది. మా వదిన కూడా. మా బావమరిది వట్టి వెధవ, వాడూ కాదులోనే పోశానని ఏడుస్తున్నాడు."

అరిందముడు ఆ వరుసలో పదిహేడుమందిని అడిగాడు. పదిహేడుమందీ కాదు అన్నవారే, వారి తరఫువారూ కాదు అన్నవారే. పదిహేడుమంది మాట నగరం మాట కాదని అతనికి తెలుసు. జనం నోటితో ఒకటి చెప్పి చేత్తో మరొకటి చేయగలరనీ తెలుసు. కాని ఇటు చూస్తే నిండుకుండలతో నిలబడినవారి వరుస సముద్రపు ఒడ్డు దాకా సాగి ఉంది. అటు పడమట వరుస కోటగోడ దాకా ఉంది. ఇంతమంది ఇంకా పోయకుండానే ఆరువేల ఒక్కరు ఎప్పుడు పోశారు? ఎవరికి వారు అవతలి వాకిలి వైపు వేలు చూపిస్తున్నారు. అవతలికి వెళ్ళి చూసినవాడు ఎవడూ లేడు.

అతడు మట్టికొండ చేరేసరికి భటులు పేటను చుట్టుముట్టారు. సూర్యుడు పడమటి బురుజును తాకగానే మూడువందల మందినీ ధూమ్రకేశుడి నల్లఓడ ఎక్కించాలని ఉత్తర్వు. ఆవం దగ్గర గౌరసాని ఒక్కతే, ఏమీ జరగనట్టు, కాలిన కుండలను వేలితో మీటి చప్పుడు వింటూ ఒకదానిమీద ఒకటి పేరుస్తోంది. ఏబై దాటిన మనిషి, మోచేతుల దాకా ఎర్రమన్ను.

"ఏమిటా పరుగు? జెండా మాకూ కనబడిందిలే," అంది తలెత్తకుండా.

"పెద్దమ్మా, ఇందులో ఏదో పొరపాటుంది."

"పొరపాటేముంది? పన్నెండు వేల కుండలు చేయమన్నారు, చేశాం. మా చావు సంగతి తేల్చటానికి మా చేతి కుండలే కావాల్సి వచ్చాయి, అంతేగా." ఆమె చేయి ఆగింది. "ఒకటి అడుగుతాను అంకన్నా, ఎనిమిది నెలలుగా ఈ నగరాన్ని చూసి మురిసిపోతున్నావు గనక. ఒక రాజు నన్ను చంపమంటే దౌర్జన్యం అంటావు. ఆరువేల ఒక్క రాజులు చంపమంటే న్యాయం అవుతుందా? నా ప్రాణం వాళ్ళ కుండల్లోకి ఎప్పుడు చేరింది నాయనా?"

అరిందముడి కళ్ళముందు తోటమాలి తల మళ్ళీ కదిలింది.

"న్యాయం కాదు పెద్దమ్మా," అన్నాడు. "కాని వాళ్ళు నిజంగా అన్నారో లేదో ముందు తేలాలి. తూర్పువాళ్ళు పడమటివాళ్ళంటారు, పడమటివాళ్ళు తూర్పువాళ్ళంటారు. ఎన్ని కుండలు పోశారో చెప్పే దిక్కు ఎక్కడైనా ఉందా?"

గౌరసాని మొదటిసారి తలెత్తి అతని ముఖంలోకి చూసింది. "ఉంది," అంది. "పెంకుల గుంట."

పోసినవాడు మళ్ళీ పోయకుండా ప్రతివాడూ బయటికి వస్తూ తన కుండను వాకిట్లోని పగులుబండకు కొట్టి పగలగొట్టాలి. రెండు వాకిళ్ళ పెంకులూ రాతితూముల గుండా జారి మట్టికొండ దిగువనున్న ఒకే గుంటలో పడతాయి. ఆ పెంకులు మట్టికొండవారి హక్కు. వాటిని పొడిచేసి కొత్త మట్టిలో కలిపితే కుండ ఆవంలో బీటలు వారదు. నాలుగు రోజులుగా ఆ గుంటకు కాపలా ఉన్నదీ వాళ్ళే.

"ఎన్ని ముక్కలని లెక్కపెట్టగలం?" అన్నాడు అరిందముడు.

"ముక్కలెందుకురా పిచ్చివాడా? పోత కుండకు మెడ కడియంలా దళసరిగా పెడతాం. ఎంత గట్టిగా కొట్టినా ఒళ్ళు ముక్కలవుతుంది గాని మెడ విరగదు. కుండకు మెడ ఒకటే."

కావలి దళపతి వాళ్ళ మనవి విని పగలబడి నవ్వాడు. "ఓడ ఎక్కేముందు కూడా పెంకులే ఏరుకుంటారా? ఏరుకోండి. సూర్యుడు బురుజు తాకగానే వదిలేయాలి."

మూడువందల మందీ గుంటలోకి దిగారు. వెదురు గెడలు తెచ్చి, ఒక్కొక్క గెడకు నూరేసి మెడలు గాజులు తొడిగినట్టు తొడగసాగారు. చేతులు తెగి నెత్తురు కారుతున్నా ఎవరూ ఆగలేదు. గుంట అడుగు మన్ను కనబడేసరికి సూర్యుడు బురుజుకు రెండు బారల ఎత్తున ఉన్నాడు. అరిందముడు గెడలు లెక్కపెట్టాడు. నమ్మలేక గౌరసాని చేత లెక్కపెట్టించాడు. మళ్ళీ తానే లెక్కపెట్టాడు.

నలబై మూడు గెడలు. విడిగా పదిహేడు.

"నాలుగువేల మూడువందల పదిహేడు," అన్నాడు. "రెండు బావుల్లోనూ కలిపి! అన్నీ ఔను కుండలే అనుకుందాం. ఒక్క ప్రాణి కూడా కాదు అనలేదనే అనుకుందాం. అయినా ఆరువేల ఒకటికి పదహారువందల ఎనబై నాలుగు తక్కువ!"

ఒక ముసలివాడు పెంకుల మీదే కూలబడ్డాడు. "మా అయ్య," అన్నాడు మెల్లగా, "ముప్పై ఏళ్ళ కిందట పొరుగుదీవి మీద యుద్ధానికి వెళ్ళి చచ్చిపోయాడు. జనం ఔనన్నారని."

"నీళ్ళు లేకుండా బావి ఎలా నిండింది?" అంది గౌరసాని.

"అదే బావులు కాసేవాళ్ళను అడగాలి. నగరం ముందు అడగాలి." అంటూ అరిందముడు గుంటలోంచి పైకెక్కి, ఆవంలోంచి దోసిళ్ళతో బూడిద తీసి ఒంటినిండా పూసుకోసాగాడు. మూడువందల మందిని ఓడ దగ్గరికి తోలుకుపోవటానికి ధూమ్రకేశుడి శిష్యులు కొండ ఎక్కి వస్తున్నారు. వారందరూ భస్మధారులే.

గౌరసాని అతని వీపుకు బూడిద రాస్తూ, "వంగి నడువు," అంది. "నువ్వు నిటారుగా నడిస్తే దారిలో వాళ్ళంతా దండాలు పెట్టేట్టున్నారు. మట్టి తొక్కేవాడి పాదాలు ఎలా ఉంటాయో నాకు తెలియదనుకున్నావా? నువ్వు వచ్చిన రోజునే చూశాను. ఎవరివో అడగలేదు, అంతే."

"తరువాత చెబుతాను పెద్దమ్మా."

"తరువాత అనేది మిగిలితే చెప్పు."

అతడు శిష్యుల గుంపులో కలిసి, ఏదో మరిచిపోయినవాడిలా వెనుదిరిగి, కావలి దాటేశాడు. రంగరేజుల వీధి మలుపులో జడలు కట్టిన శిష్యుడొకడు ఎదురై దండం అడ్డం పెట్టాడు.

"గురుమంత్రం చెప్పు."

"హుఁ... మౌనవ్రతం," అన్నాడు అరిందముడు.

"మౌనవ్రతం అని నోటితో చెబుతున్నావేమిరా!"

ఆ మాట పూర్తయ్యేలోగా అరిందముడు వాడి దండాన్ని లాగి, వాణ్ణి నీలిరంగు తొట్టిలోకి తోసి, పరుగు లంకించుకున్నాడు. వెనుక కొమ్ముబూరలు మోగాయి. ఆరవేసిన పట్టుచీరల వరుసల మధ్య నుంచి దూసుకుపోయి, ఎండుమిరపకాయల బండి మీది నుంచి దూకి, ఒక ఏనుగు కడుపు కింద నుంచి జారి, మావటివాడి తిట్లు చెవిన పడేలోగా కోటమెట్లు ఎక్కాడు. ముందు భటులు, వెనుక శిష్యులు. గోడమీది ఇత్తడి నెమలి మెడ పట్టుకుని వేలాడుతూ కిందికి చూశాడు. సంతలో గుడారపు గుడ్డ ఒకటి గాలికి ఉబ్బి ఉంది. వదిలేశాడు. గుడ్డ చిరిగి, అతడు చింతపండు బస్తాల మీద పడి, లేచి, నడిబొడ్డు దాకా పరుగెత్తి, మండపం వాకిలి చొచ్చి లోపలికి దూకాడు.

నిండిన బావిని జనం కళ్ళారా చూడటం ఆచారం గనక మండపం తలుపులన్నీ తెరిచి ఉన్నాయి, రాతిమూత తొలగించి ఉంది. ఔను బావి అంచుల దాకా నిండి, నల్లగా, కదలకుండా, కరిగించి పోసిన నీలమణిలా మెరుస్తోంది. బావి పక్కన తెల్లని పట్టువస్త్రం ధరించి జలసాక్షి భద్రగుప్తుడు నిలబడి ఉన్నాడు. జంట బావులకు నలబై ఏళ్ళుగా అతడే కాపరి. అతని పక్కన ధూమ్రకేశుడు. పొగరంగు జడలు మోకాళ్ళను తాకుతున్నాయి, ఎముకపూసల హారం కింద పెద్ద బొజ్జ. చేతిలోని కపాలదండం నుంచి సన్నని పొగ పాముల్లా మెలికలు తిరుగుతోంది. రెండు వాకిళ్ళలోనూ నగరవాసులు కిక్కిరిసి ఉన్నారు.

అరిందముడు బావి గట్టుమీదికి ఎక్కి రెండు చేతులూ ఎత్తాడు.

"పౌరులారా! పెంకుల గుంటలో ఉన్న కుండ మెడలు నాలుగువేల మూడువందల పదిహేడు! రెండు బావులకూ కలిపి అన్నే! ఈ బావి నిండటానికి ఆరువేల ఒకటి కావాలి. నిండినట్టు కనిపిస్తున్న ఈ నీళ్ళు ఎక్కడివో జలసాక్షిని అడగండి!"

జనంలో ఒక అల లేచింది. తమలపాకుల వర్తకురాలు నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. భద్రగుప్తుడు మాత్రం చిరునవ్వు చెదరనివ్వలేదు.

"బిడ్డలారా, పెంకులను నమ్ముతారా, కళ్ళను నమ్ముతారా? బావి నిండిందా, లేదా? ఈ మట్టి తొక్కేవాడు ప్రాణభయంతో ఉన్నవారి కూలీ. కొన్ని పెంకులు దాచటం వీడికి ఎంతసేపు?"

"బావి అబద్ధమాడుతుందా!" అని ఎవరో అరిచారు.

"మా తాతలనాటి నుంచీ ఎన్నడూ తప్పని బావి!"

"మీరెవరూ ఔనులో పోయలేదు!" అరిందముడు గొంతు చించుకున్నాడు. "నేను పదిహేడుమందిని అడిగాను..."

ధూమ్రకేశుడు దండం విదిలించాడు. పొగపాములు బుసకొడుతూ వచ్చి అరిందముడి ముఖాన్ని చుట్టుకున్నాయి. గంధకం వాసన గుప్పుమంది. అంతటి మహామంత్రానికి ఇంత సామాన్యమైన వాసనా అనుకుంటూనే అతడు కళ్ళమంటతో దగ్గి దగ్గి మోకాళ్ళమీద కూలాడు. భటులు మీదపడి చేతులు విరిచి కట్టేశారు.

భద్రగుప్తుడు వంగి, మరెవరికీ వినపడకుండా అన్నాడు. "రత్నశైల రాకుమారా, నీ సంగతి నాకు ఎప్పుడో తెలుసు. నా నగర రహస్యం కోసమేగా వచ్చావు? చెబుతాను, పట్టుకుపో. ఎక్కువమంది మాట అంటే ఎక్కువమంది అన్న మాట కాదు. తక్కినవాళ్ళంతా అన్నారని ప్రతివాడూ నమ్మిన మాట. ఆ నమ్మకం ఒకటుంటే కత్తి కూడా అక్కరలేదు."

అరిందముడికి తోటమాలి గుర్తొచ్చాడు. తండ్రి ఆజ్ఞ ఇచ్చినప్పుడు కనీసం ఆ నోరు ఎవరిదో తోటమాలికి తెలుసు.

భద్రగుప్తుడు లేచి చేయి ఎత్తాడు. "బావులను నిందించినవాడికి శిక్ష మరణం. తీసుకుపోయి కోట వెలుపల తల తీయండి."

"అలా కాదు!" అని ఉప్పుమడుల వరుస నుంచి ఒక గొంతు లేచింది. "ఏ బావిని నిందించాడో ఆ బావిలోనే వేయాలి! పదహారు నిలువుల లోతు వాడికే తెలుస్తుంది!"

"ఔను! ఆ బావిలోనే!"

"మెడకు తిరగలిరాయి కట్టి!"

తూర్పు వాకిలి, పడమటి వాకిలి ఒక్క గొంతుగా అరిచాయి. మధ్యాహ్నం నుంచి తమను కోస్తున్న సిగ్గంతా ఒక మనిషి మీద దించుకునే దారి దొరికినట్టు వేల చేతులు లేచాయి. తమలపాకుల వర్తకురాలి చేయీ లేచింది. అరిందముడు నీళ్ళు కారుతున్న కళ్ళతో ఆ చేతుల అడవిని చూశాడు. కుండ లేదు, చీకటి లేదు, నగారా లేదు. ఈసారి లెక్క ఎవరూ పెట్టనక్కరలేదు. ఆ నగరపు ఎక్కువమంది మాటను అతడు మొదటిసారి నిజంగా విన్నాడు. అది అతని చావు.

అప్పుడే అతడు భద్రగుప్తుడి ముఖం చూశాడు. ఆ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"వద్దు!" అన్నాడు జలసాక్షి. "పవిత్ర జలం మైలపడుతుంది. వేయదలిస్తే కాదు బావిలో వేయండి. నేను చెబుతున్నాను, కాదు బావిలో!"

"జలసాక్షుల వారు కరుణామయులు!" అంటూ జనం ఇంకా ముందుకు తోసుకొచ్చారు. భటుల వరుస తెగిపోయింది. ఎవరో తిరగలిరాయి దొర్లించుకొచ్చారు. ఎవరో పొడుగాటి తాడుతో దాన్ని అతని మెడకు కట్టారు. భద్రగుప్తుడు బావికి అడ్డంగా చేతులు చాచి నిలబడితే అతన్ని భక్తితోనే పక్కకు ఎత్తి పెట్టారు. "ఓడ కదులుతోంది, తొందరగా కానివ్వండి!" అని ధూమ్రకేశుడు విసుక్కున్నాడు. రేవు వైపు నుంచి మట్టికొండవారి ఏడుపు గాలిలో తేలివస్తోంది.

మూడువందల ప్రాణాలకూ సాక్ష్యం చెప్పగల ఒకే ఒక నోరు తనదని, అది ఇప్పుడు మూతపడబోతోందని అరిందముడికి తెలిసింది. రొమ్ము నిండా గాలి పీల్చుకున్నాడు. పదహారు నిలువులు దిగేదాకా ఆ గాలి నిలవదు. అయినా పీల్చుకున్నాడు. పదిచేతులు అతన్ని పైకి లేపాయి. నల్లరాతి కప్పు, వాకిళ్ళ వెలుగు, వేల ముఖాలు ఒక్కసారి గిర్రున తిరిగాయి. నీళ్ళు పెఠిల్లుమని విడిపోయాయి. చలి, చీకటి, చెవుల్లో హోరు. తిరగలిరాయి ముందు మునిగింది.

ఆ వెంటనే రాయికి రాయి తగిలిన చప్పుడైంది. అరిందముడి పాదాలు చదునైన బండను తాకి మోకాళ్ళు అదిరాయి. అతడు తల ఎత్తి, కాళ్ళు నిలదొక్కుకుని, నెమ్మదిగా నిటారుగా నిలబడ్డాడు. బావి గట్టు చుట్టూ వంగిన వేల ముఖాలు అతన్ని చూశాయి.

ఔను బావిలో నీళ్ళు అతని నడుము దాకా ఉన్నాయి.